ఎర్ర రంగు కింద ఎవాల్ట్

ఆకాశం నీలంగా విచ్చుకుందంటే చాలు, ఓవర్‌కాంప్ గారికి చిరాకు పుట్టేది. బొగ్గును ఓవెన్లలో కాల్చి కోక్ చేసే లుడోవికా ఫ్యాక్టరీలో ఫోటోలు తీసేది ఆయనే. ఎండ పడితే చిమ్నీల నీడలు వచ్చి ఓవెన్ల మీద వాలతాయి. ఇనుప మెట్ల నీడలు ఒకదాని మీదొకటి పడి అల్లుకుపోతాయి. ఏది యంత్రమో ఏది దాని నీడో తెలియకుండా పోతుంది. ఆయనకు కావలసింది మబ్బు. ఉరిమే మబ్బు కాదు, ఉతికి ఉతికి రంగు వెలిసిన దుప్పటిలా ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే తీరున పరుచుకునే మబ్బు. అలాంటి పొద్దున మూడుకాళ్ల స్టాండు భుజానేసుకుని, నల్లగుడ్డ మెడకు చుట్టుకుని, పెళ్లికి పోతున్నట్టు బయల్దేరేవారు.

ఆయన తెచ్చిన నెగెటివ్‌లు పక్క గదిలో ట్రౌటె బల్ల మీదికి చేరేవి. బల్ల పైభాగం పాలరంగు గాజు, దాని కింద దీపం. పుస్తకం పుట అంత ఉన్న ఫిల్మును ఆ గాజు మీద పెట్టి, కంటికి భూతద్దం తగిలించుకుని, నాలుగు వెంట్రుకల బ్రష్షుతో ట్రౌటె టచింగ్ చేసేది. ఫ్యాక్టరీ వాళ్లు అచ్చు వేయించే పుస్తకాల్లో, గోడ క్యాలెండర్లలో యంత్రం ఒక్కటే కనిపించాలి. కానీ ఫ్యాక్టరీ కంచె దాటితే కాలనీ. ఎంత జాగ్రత్తగా కెమెరా పెట్టినా యంత్రం వెనకాల ఎవరో ఒకరి దండెం మీద దుప్పట్లు, ఒక పావురాల గూడు, క్యాబేజీ మడి, గడ్డి నములుతూ ఇటే చూసే మేక వచ్చి చేరేవి. ట్రౌటె బ్రష్షును ఎర్ర రంగులో ముంచి యంత్రం అంచు వెంబడే నడిపించి, వెనకున్నదంతా కప్పేసేది. ఆ ఎరుపులోంచి వెలుతురు దూరదు. కాగితం మీదికి వచ్చేసరికి ఎరుపున్న చోటంతా తెల్లటి తెలుపు. ఆ తెలుపులో యంత్రం ఒంటరిగా, నేల మీద కాలు పెట్టనట్టు తేలుతూ ఉండేది.

ఈ సంగతి కాలనీలో అందరికీ తెలుసు. ట్రౌటె పుట్టి పెరిగింది కూడా అక్కడే, రైలు పట్టాల పక్క వరసలో. సాయంత్రం ఆమె సంచి ఊపుకుంటూ వీధిలోకి తిరిగిందంటే కంచెల మీద మోచేతులు ఆనించుకున్న ఆడవాళ్లు మొదలుపెట్టేవాళ్లు.

"ఏయ్, మేకను లోపల కట్టేయండే, ట్రౌటె వస్తోంది!"

"మా అత్తగారిని కాస్త ఎర్ర రంగులో ముంచి పో తల్లీ, పుణ్యముంటుంది."

"మీ అత్తగారికి నా దగ్గరున్న రంగు చాలదు. డబ్బా కొత్తది తెప్పించాలి," అనేది ట్రౌటె ఆగకుండానే.

ఆమెకు పెళ్లి కాలేదు. తల నెరుస్తున్నా ఫ్యాక్టరీలో అందరూ 'ఫ్రాయ్‌లైన్' అనే పిలిచేవారు, పెళ్లికాని పిల్లను పిలిచినట్టు. ఆమె పట్టించుకోలేదు. చిన్నప్పుడే, బడి వదలగానే, స్టేషన్ వీధిలో ఒక విధవరాలు నడిపే స్టూడియోలో పనికి చేరింది. పెళ్లికూతుళ్ల మొటిమలు మాయం చేయడం, గని మేస్త్రీల కళ్ల కింద సంచులు తగ్గించడం అక్కడే నేర్చుకుంది. కళ్లు మూసుకున్న ఫోటోల్లో కళ్లు గీయడం కూడా నేర్చుకుంది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. స్టూడియోకి వచ్చే కుటుంబాలు మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడేవి. రష్యా నుంచి తిరిగిరాని తండ్రినో కొడుకునో పాత ఫోటోలోంచి కత్తిరించి, ఆ చోట్లో అతికించి, భుజం పక్కన భుజం ఆనేలా అంచులు కలిపేది ట్రౌటె. అప్పుడు లేనివాళ్లను తెచ్చి నిలబెట్టింది. ఫ్యాక్టరీకి వచ్చాక ఉన్నవాటిని తీసేస్తోంది. పని పనే. రెండింటికీ ఒకటే బ్రష్షు.

కానీ ఒక్కోసారి నిద్ర పట్టీ పట్టనప్పుడు ఆమెకు ఆ తెలుపు కనిపించేది. తాను కప్పేసినవన్నీ ఆ తెలుపులో ఎక్కడో ఉన్నాయనిపించేది. మసి పడని దుప్పట్లు చప్పుడు లేకుండా ఊగుతుంటాయి. మేకలు మంచులో మేస్తున్నట్టు తిరుగుతుంటాయి. ఎవరో ఒకావిడ బట్టల పిన్ను పళ్ల మధ్య పట్టుకుని ఇటు తిరగబోయి ఆగిపోయి ఉంటుంది. భయం వేసేది కాదు. కిటికీ బయట ఎర్రగా కాలిన కోక్ మీద నీళ్లు కుమ్మరించినప్పుడల్లా ఉస్సుమని ఆవిరి మేఘం లేచేది, ఆ చప్పుడుకు తెలుపు కదిలి చెదిరిపోయేది.

వాలెస్కా వచ్చింది ఒక మబ్బు రోజున. ఓవర్‌కాంప్ గారు ఫోటోలకు వెళ్లి ఉన్నారు. తలుపు తట్టకుండానే తోసుకుని, ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, రొమ్ము మీద చేతిసంచి అదుముకుని నిలబడింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. రైలు పట్టాల వరసలో చివరి ఇల్లు ఆమెది. ఆ రోజు మాత్రం మెల్లగా అడిగింది.

"అమ్మాయ్, కూర్చోవచ్చా?"

"అదేం మాట వాలెస్కక్కా, కూర్చో. ఆ డబ్బా తీసి కింద పెట్టు. జాగ్రత్త, రంగు."

వాలెస్కా కూర్చుని గదంతా కలయజూసింది. గాజు బల్లను చూసింది. ఎర్ర రంగు పట్టిన ట్రౌటె వేళ్లను చూసింది.

"మా ఆయన హానెస్‌ని నువ్వే కదా అతికించింది, స్టూడియోలో?"

"నేనే. నువ్వూ పిల్లలూ మధ్యలో చోటు వదిలి నిలబడ్డారు. చిన్నది ఏడుస్తూనే ఉంది."

"బాగా అతికించావు. చూసినవాళ్లెవరికీ తెలీదు." సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "ఇప్పుడు ఎవాల్ట్‌ని తెచ్చిపెట్టు."

ఎవాల్ట్ పోయింది ఆ చలికాలమే. పావురాల గూటి ముందు పీట వేసుకుని గింజలు చల్లుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. యుద్ధం తర్వాత తూర్పు నుంచి తరిమితే వచ్చినవాళ్లలో అతనొకడు. ఒక దుప్పటి, ఒక చెంచాతో వచ్చి వాలెస్కా ఇంట్లో అద్దెకు దిగాడు. మొదటి ఏడాది ముందు గదిలో ఉన్నాడు, ఆ తర్వాత ముందు గదిలో ఎవరూ లేరు. పెళ్లి చేసుకోలేదు. చేసుకుంటే యుద్ధంలో పోయిన మొగుడి పేర వచ్చే పింఛను ఆగిపోతుంది. కాలనీలో ఇల్లు మార్చి ఇల్లు ఇదే కథ. పిల్లలందరికీ ఇంట్లో ఒక 'మామయ్య' ఉండేవాడు. పాదిరీ గారు వీధిలో ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడి పోయేవారు.

"ఒక్క ఫోటో కూడా లేదా?" అంది ట్రౌటె.

"ఎలా ఉంటుంది? ఇంట్లో మగవాడి ఫోటో కనిపిస్తే పింఛనాఫీసు వాళ్లకు ఎవడైనా చేరవేస్తాడని ఆయన భయం. నా భయం కూడా అదే. చిన్నదాని చర్చి పండక్కి ఫోటో తీసే ఆయన వచ్చాడా, ఈయన తెల్లచొక్కాతో సహా పావురాల గూట్లోకి ఎక్కి కూర్చున్నాడు. దిగేసరికి చొక్కా నిండా రెట్టలు." నవ్వబోయి ఆగింది. "ముఖం జారిపోతోందమ్మాయ్."

"ఏంటక్కా?"

"చేతులు గుర్తున్నాయి. దగ్గు గుర్తుంది, మెట్లెక్కే చప్పుడు గుర్తుంది. కళ్లు మూసుకుని ముఖం తెచ్చుకుందామంటే మాత్రం హానెస్ ముఖం వస్తోంది. రోజూ గోడ మీద చూస్తున్నది అదే కదా. మొదట్లో ఒక్క క్షణం ఎవాల్ట్ వచ్చి, ఆ తర్వాత హానెస్ వచ్చేవాడు. ఇప్పుడు తిన్నగా హానెసే వచ్చేస్తున్నాడు. వచ్చే చలికాలానికి ఆయన ఇక ఉండడు. రెండోసారి పోతాడు."

బయట ఆవిరి మేఘం ఉస్సుమని లేచింది. ఇద్దరూ అది తగ్గే దాకా ఊరుకున్నారు. కాలనీ మనుషులకు అది అలవాటు, ఆ చప్పుడులో ఎవరూ మాట్లాడరు.

"మీ ఓవర్‌కాంప్ గారు ఆయన్ని ఒకసారి ఫోటో తీశారు," అంది వాలెస్కా. "ఓవెన్లోంచి కోక్‌ను తోసే పెద్ద యంత్రం ఉంది కదా, దాని పక్కన నిలబెట్టారంట, యంత్రం ఎంత ఎత్తో తెలియాలని. 'నన్ను కొలబద్దలా నిలబెట్టారే' అని ఇంటికొచ్చి ఒకటే నవ్వు. క్యాలెండర్ వచ్చాక వెతుక్కుంటే ఆయన లేడు. 'అంత యంత్రం పక్కన నేనెక్కడ ఆనతాను' అని దాన్నే వంటింట్లో తగిలించాడు. ఆయన్ని తీసింది నువ్వే కదా?"

"నేనే అయ్యుంటాను."

"నేను తిట్టడానికి రాలేదు. ఎక్కడ పెట్టావో చెప్పు, తీసుకుపోతాను."

ట్రౌటెకి ఆ యంత్రం బాగా గుర్తుంది. దాని ప్రతి బోల్టు చుట్టూ బ్రష్షు తిప్పింది. మనిషి మాత్రం గుర్తుకు రాలేదు. పై ఆఫీసు నుంచి 'మనిషి వద్దు' అని కబురొచ్చిందని లీలగా గుర్తు. అయితే ఎలా తీసింది? అదే తేలలేదు. ఫోటోలో మనిషి వెనక ఆకాశమే ఉంటే ఎర్ర రంగు చాలు, అది ఫిల్ము పైన పొరలా ఉంటుంది, తడి దూదితో తుడిస్తే వచ్చేస్తుంది. మనిషి వెనక యంత్రం ఉంటే రంగు పనికిరాదు. సన్నటి కత్తితో ఫిల్మునే గీకాలి. అలా గీకేస్తే ఇక ఎవరి తరమూ కాదు. ఎవాల్ట్ ముఖం ఎటుందో, ఆకాశం మీదా, ఇనుము మీదా?

ఈ మాట వాలెస్కాకు దాచకుండా చెప్పింది.

"అయితే తుడిచి చూడు," అంది వాలెస్కా.

ఓవర్‌కాంప్ గారు వచ్చి సంగతి విని స్టాండు గోడకు కొట్టినంత పని చేశారు.

"ఏ నెగెటివ్ అనుకుంటున్నారు ఫ్రాయ్‌లైన్? డైరెక్టరు గారి కుర్చీ వెనకాల వేలాడేది దాని ప్రింటే! ఎవరైనా పెద్దమనిషి వస్తే ప్రింటు వేసి ఇమ్మంటారు. కడిగేస్తే రేపు నాకు తలంటుతారు."

"రంగు వేసింది నేను. మళ్లీ నేనే వేస్తాను. చివరికి మీకు కూడా తేడా తెలియదు."

"నాకు తెలియదా?"

"మొన్న నీళ్ల ట్యాంకు మెట్లకు ఒక మెట్టు ఎక్కువ గీశాను. తెలిసిందా?"

ఆయన గబగబా వెళ్లి నీళ్ల ట్యాంకు ప్రింటు తీసి వెలుతురులో పట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. వాలెస్కా తన టోపీ కింద నుంచి ఆయన్నే చూస్తోంది. ఎవాల్ట్‌ను ఆ యంత్రం పక్కన నిలబెట్టినప్పుడు ఏం మాట్లాడుకున్నారో ఆయనకు గుర్తొచ్చినట్టుంది, ప్రింటు కింద పెట్టేశారు.

"కదలకుండా నిలబడమంటే, 'పావురాలు తిరిగొచ్చే వేళయింది, త్వరగా కానీయండి' అన్నాడు," అన్నారు మెల్లగా. "ఎండ కాసిన రోజు చేసుకోండి. ఆ రోజు నాకెలాగూ పనుండదు, ఎవరూ ఇటు రారు."

ఎండ కోసం ఆ గదిలో ఎదురుచూడడం అదే మొదటిసారి. మబ్బు రోజుల మీద మబ్బు రోజులు గడిచాయి. ఓవర్‌కాంప్ గారు సంబరంగా తిరిగి నెగెటివ్‌ల మీద నెగెటివ్‌లు తెచ్చి పడేశారు. వాలెస్కా సాయంత్రాలు కంచె దగ్గర నిలబడి, ట్రౌటె కనిపించగానే ఆకాశం వైపు గడ్డం ఎత్తేది. ట్రౌటె తల అడ్డంగా ఊపి పోయేది.

చివరికి ఏప్రిల్లో ఒక పొద్దున పొగ కూడా పల్చబడి, కిటికీ అద్దంలోంచి ఎండ వచ్చి ఎనామిల్ గిన్నె అంచు మీద నిలబడింది. ట్రౌటె గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసింది. దూదిని వేలికి చుట్టి ముంచి పిండి, ఫిల్ము పై మూల నుంచి మొదలుపెట్టింది.

రంగు మొదట మొరాయించి, తర్వాత మెత్తబడి, చెర్రీ రసంలా దూదిలోకి దిగింది. దాని కింద నుంచి మొదట వచ్చింది ఆకాశం. నెగెటివ్‌లో తెల్లటి మబ్బు ఆకాశం దట్టమైన నలుపు. ఆ నలుపులో పావురాలు తెల్ల చుక్కల్లా ఎగురుతున్నాయి. ట్రౌటె వేలు ఆగింది. పావురాలను కప్పేసినట్టు ఆమెకు గుర్తే లేదు. కొంచెం కిందికి దిగితే మసి పట్టిన బేరిపండు చెట్టు, ఇక్కడ పూతకొచ్చినట్టు తెల్లగా మెరుస్తోంది. దాని కొమ్మ నుంచి కట్టిన దండెం. దండెం మీద పసిపిల్లల చొక్కాలు వరసగా, నల్లగా. ఆ పిల్లలు ఇప్పుడు గనిలో పనికి పోతున్నారు. వంగి బుట్టలోంచి ఏదో తీస్తున్న ఆడమనిషి వీపు. తన తల్లి పెంచిన మేక, ఎప్పుడో చచ్చిపోయింది. దాన్ని కొమ్మును బట్టి పోల్చుకుంది. ఎన్నో రాత్రులు తెలుపులో ఊహించుకున్నవన్నీ అదే చోట, అదే గాలిలో, ఆమె వేలు తగలగానే తడిగా లేచి నిలబడుతున్నాయి. గిన్నెలో నీళ్లు ఎర్రబడ్డాయి. వెళ్లి మార్చుకొచ్చింది.

ఎవాల్ట్‌ను బూట్ల దగ్గర నుంచి మొదలుపెట్టింది. ముఖం దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. బూట్లు వచ్చాయి, ముడతల ప్యాంటు వచ్చింది, నడుముకు వేలాడే భోజనం క్యారియర్ వచ్చింది. కుడి చెయ్యి యంత్రం నిచ్చెన వైపు చాపి ఉంది. చేతి వెంట దూదిని నడిపిస్తూ పోతే మణికట్టు దగ్గర వేలి కింద గరుకు తగిలింది.

కత్తి.

తోలు గ్లవ్ తొడుక్కుని నిచ్చెన పట్టుకున్న చెయ్యి, ఇప్పుడు గుర్తొచ్చింది. దాన్ని తను గీకేసింది, శుభ్రంగా, నిచ్చెన కడ్డీ ఎక్కడా తెగకుండా. మంచి పనితనం. ట్రౌటె దూది పక్కన పెట్టి కాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత ఇంకో దూది చుట్టుకుంది. భుజం సగం ఇనుము మీద, సగం ఆకాశం మీద. మెడ ఆకాశం మీద. గడ్డం. అక్కడి నుంచి ఊపిరి బిగబట్టి ఒకే ఒరవడిలో పైకి తుడిచింది. ఎక్కడా గరుకు తగల్లేదు.

మధ్యాహ్నం ఓవర్‌కాంప్ గారే డార్క్‌రూంలోకి వెళ్లి ప్రింటు వేశారు. వాలెస్కా వచ్చేసరికి అది ఆరిపోయి బల్ల మీద ఉంది. ఆమె కళ్లద్దాలు తీసి, జాకెట్టు అంచుకు తుడుచుకుని పెట్టుకుంది. వంగింది. చూసింది. ఇంకా వంగింది.

"ఎవరితను?"

"అదేంటి, ఎవాల్టే!" అన్నారు ఓవర్‌కాంప్ గారు. "నేను స్వయంగా నిలబెట్టాను."

ప్రింటులో యంత్రం పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముఖమంతా బొగ్గు మసి. అందులోంచి రెండు తెల్లటి కనుగుడ్లు మాత్రం బయటికి చూస్తున్నాయి. కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాళ్లందరూ అలాగే ఉంటారు.

"మీరు నిలబెట్టారు సరే. ఈ నల్లమొహం మా ఇంటికి ఎప్పుడూ రాలేదండీ." ఆమె గొంతులో కోపం లేదు. పొరపాటున పక్కింటి తలుపు తట్టినవాళ్లకు చెప్పినట్టు చెప్పింది. "ఆయన ఫ్యాక్టరీ స్నానాల గదిలో రుద్దుకుని రుద్దుకుని వచ్చేవాడు. తడి తల దువ్వుకుని, సబ్బు వాసనేస్తూ. నా గడప మీద మసి కాలు ఒక్కరోజు పెట్టలేదు. మిగిలిన రొట్టె ముక్క జేబులోంచి తీసి, దారిలో కుందేలు ఇచ్చిందని పిల్లలకు చెప్పేవాడు. ఆ రొట్టెక్కూడా మసి అంటేది కాదు." ప్రింటును వేలితో మెల్లగా వెనక్కి తోసింది. "పని దగ్గర ఆయన్ని నేను చూడలేదు. ఎలా ఉండేవాడో మీకు తెలుసు. నాకు తెలీదు. పోనీలెండి, ఇద్దరూ కష్టపడ్డారు."

ఆమె టోపీ సర్దుకుని, సంచి కోసం చెయ్యి చాపింది. ట్రౌటెకి ఏం చేయాలో తోచక, చేతులు ఊరుకోక, నెగెటివ్‌ను కవరులో పెట్టేద్దామని తీసింది. తడి ఎక్కడైనా మిగిలిందేమోనని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. ఎండ ఫిల్ములోంచి దూసుకొచ్చింది.

"ఆగు," అంది వాలెస్కా.

ట్రౌటె కదల్లేదు.

"కిందికి దించకు. అలాగే పట్టుకో."

వాలెస్కా సంచి వదిలేసి, నేల మీద వస్తువులేవో దాటుతున్నట్టు జాగ్రత్తగా నడిచి వచ్చి, ఫిల్ముకు జానెడు దూరంలో ముఖం పెట్టింది. నల్లటి ఆకాశం ముందు, నెగెటివ్‌లో, మసి ముఖం వెలిగిపోతోంది. నలుపంతా తెలుపైంది, తెల్లగుడ్లు నల్లకళ్లయ్యాయి. నెత్తి మీది మురికి టోపీ పండగ టోపీలా మెరుస్తోంది. మూసిన పెదాల చివర ఒక పక్కకు లాగినట్టున్న గీత, త్వరగా కానీయండి అంటున్నట్టు. ఎండ ఆ ముఖంలోంచి వడకట్టుకుని వచ్చి వాలెస్కా బుగ్గ మీద పడుతోంది.

"స్నానం చేసొచ్చాడు," అంది వాలెస్కా.

ఆమె పెద్ద గొంతు తిరిగొచ్చింది. "ఇదుగో, ఇలాగే వచ్చేవాడు, అచ్చం ఇలాగే! ఆ మూతి చూడు, పావురాల కోసం తొందర. ఏమయ్యా, ఎక్కడికి పోయావు ఇన్నాళ్లూ?" అని ఫిల్మును కసిరింది. అద్దాలు తీసేసి కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చూసింది. ట్రౌటె చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు.

"చెయ్యొకటి పోయిందక్కా," అంది కాసేపటికి. "కుడి చెయ్యి. అది కత్తితో తీసేశాను, తిరిగి రాదు."

"చేతులు నాకు గుర్తున్నాయని చెప్పాను కదా. అది నా దగ్గరుంది."

నెగెటివ్ ఫ్యాక్టరీది, ఇంటికి ఇవ్వడానికి లేదు. ఓవర్‌కాంప్ గారు గడ్డం గోక్కుంటూ గదిలో అటూ ఇటూ తిరిగి, "అవునూ, ప్రింటును బోర్లించి ఇంకో కాగితం మీద పెట్టి దీపం వేస్తే?" అన్నారు. నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. కాగితం పీచు మీదుగా వస్తుంది కాబట్టి కాస్త మసకగా వస్తుందంతే. ఆయన డార్క్‌రూం తలుపు వేసుకున్నారు. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖంలో సగం సిగ్గు, సగం గర్వం.

"జన్మలో ఇలాంటి దిక్కుమాలిన ఫోటో వేయలేదు. ఆకాశం చూడండి, తారులా ఉంది! ఎవరికైనా చూపిస్తే నా ఉద్యోగం పోతుంది."

ఆ కాగితం మీద ఫ్యాక్టరీ అంతా మంచులో మునిగి కాంతితో తయారైనట్టు ఉంది. ఆవిరి మేఘం నల్లగా, బేరిపండు చెట్టు తెల్లగా, దండెం మీద ఉతికిన బట్టలన్నీ బొగ్గులో ముంచి తీసినట్టు. వాటి మధ్య ఎవాల్ట్ ఒక్కడే మెరిసే ముఖంతో నిలబడ్డాడు.

"బట్టలు నలుపు, మనిషి తెలుపు," అంది వాలెస్కా. "మా వీధిలో ఎప్పుడూ ఉన్నదే ఇది. బాగా తీశారండీ ఓవర్‌కాంప్ గారూ."

ఆ ఆదివారం ట్రౌటె వాలెస్కా ఇంటికి కాఫీకి వెళ్లింది. పైన పిండి, వెన్న, పంచదార నలిపి చల్లిన కేకు బల్ల మీద ఉంది. సోఫా పైన గోడ మీద, తను ఎప్పుడో అతికించిన హానెస్, అతని పక్కన ఎవాల్ట్. పింఛనాఫీసు మనిషి వస్తే ఏం చెప్తావని ట్రౌటె అడిగింది.

"ఫ్యాక్టరీ ఫోటో అని చెప్తాను. యంత్రం అంత పెద్దగా ఉంది, వాడి కళ్లకు మనిషి ఆనతాడా? నువ్వు కేకు తిను. కళ్లు మూసుకుంటే ఇప్పుడు ఇద్దరూ వస్తున్నారు, అది చాలు. ఒకడి తర్వాత ఒకడు వస్తున్నారు, గడప దగ్గర తోసుకోవట్లేదు."

మర్నాడు మబ్బు పట్టింది. ఓవర్‌కాంప్ గారు స్టాండు భుజానేసుకుని, ఈల వేసుకుంటూ వెళ్లిపోయారు. ట్రౌటె కొత్త రంగు కలిపి, నాలుగు వెంట్రుకల బ్రష్షు కొసను పెదాల మధ్య తడిపి, ఫిల్మును గాజు మీద పెట్టింది. ముందు మేకను కప్పింది. చొక్కాలను, వాటి పక్కన వంగిన ఆడమనిషి వీపును కప్పింది. చెట్టు పూత కొమ్మ కొమ్మనా ఆరిపోయింది. పావురాలను ఒక్కొక్కటిగా కప్పుతూ పోయి, అన్నీ అయ్యాక కూడా ఎవాల్ట్‌ను అలాగే ఉంచింది. ఎరుపంతా చుట్టుకున్నాక అతనొక్కడే కింద దీపపు వెలుతురులో, తడి తలతో ఇప్పుడే గడపలోకి వచ్చినట్టున్నాడు. బూట్ల నుంచి మొదలుపెట్టి నడుము, భుజం, మెడ దాకా వచ్చింది. బ్రష్షు గడ్డం దగ్గర ఆగింది.

స్టూడియో రోజుల్లో పెళ్లికూతుళ్లకు పౌడరు అద్దే ముందు చెప్పే మాట నోట్లోకి దానంతటదే వచ్చింది.

"కళ్లు మూసుకోండి," అంది ట్రౌటె, మెల్లగా.